వైరు మావ త్రీడీ

ఆ రోజుల్లో మా వైపు నుంచి విశాఖపట్నం వెళ్ళి, ఒక్క పూట ఏసీ హాల్లో కూర్చుని వచ్చినవాడెవడూ ఊరికే ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాడు కాదు. ఏదో ఒక ఐడియాని వెంటబెట్టుకుని బస్సు దిగేవాడు. మా వీధి చివర బడిపంతులుగారి తమ్ముడు అలాగే వెళ్ళి ఈమూ పక్షుల్ని తెచ్చాడు. ఆయన తోడల్లుడు కలబంద తోట తెచ్చాడు. నేను త్రీడీ టీవీ తెచ్చాను. ఈమూ పక్షులు నయం, ఒకరోజు కంచె దూకి వాటంతటవే పోయాయి. నా త్రీడీ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక తాంబూలం వేసుకుంటూ ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. ఎలాగూ నన్ను వదలరు కాబట్టి, వాళ్ళకంటే ముందు నేనే చెప్పేస్తే కొంత మర్యాదైనా దక్కుతుందని ఈ ప్రయత్నం.

మా మావ, అంటే అమ్మకి తమ్ముడు, కోటబొమ్మాళికి సముద్రం వైపున్న మా ఊళ్ళో కేబుల్ టీవీ నడిపేవాడు. భుజాన నల్లవైరు చుట్ట లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు (పెళ్ళి ఫోటోలో కూడా ఉందని అత్త అంటుంది గాని, అది దండ నీడ అని నా అభిప్రాయం). అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆయన వైరు మావ. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, ఉద్యోగం రేపో మాపో వస్తుందని ఎదురుచూస్తూ, ఆ రేపూ మాపూ గడిచేదాకా మావ దగ్గర చేరాను. నా పని నిచ్చెన పట్టుకోవడం. ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కదా, శాస్త్రీయంగా పట్టుకునేవాణ్ణి. ఇంటి మేడమీద గదే మా కంట్రోల్ రూము. అక్కణ్ణించి అందరికీ వచ్చే ఛానళ్ళతో పాటు మా సొంత లోకల్ ఛానల్ ఒకటి వెళ్ళేది. అందులో మధ్యాహ్నం పాత సినిమా, సాయంత్రం ఎవరిదో పెళ్ళి వీడియో, వీటన్నిటి కిందా స్క్రోలింగు. గేదె తప్పిపోయిందనీ, ఫలానా వారింట పెద్దకర్మ భోజనాలనీ, రేపు కరెంటు ఉండదనీ అత్త ఒంటివేలితో కొట్టి పంపేది. గాలివాన వస్తే పడవల కబుర్లు కూడా అందులోనే. నాకు ఆ స్క్రోలింగు అంటే పరమ నామోషీ. చదువుకున్నవాడున్న సంస్థ గేదెల్ని వెతకడమేమిటని లోపల ఉడికిపోయేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఊళ్ళోకి గొడుగులొచ్చాయి. గొడుగులంటే ఇంటి మీద బిగించుకునే చిన్న డిష్షులు. వాటికి వైరు మావ అక్కర్లేదు, బొమ్మ సరాసరి ఆకాశం నుంచి దిగుతుంది. ఏ ఇంటి మీద గొడుగు కనబడితే మావ ఆ వీధి మానేసేవాడు. చివరికి మా ఇంటి నుంచి బస్టాండుకి వెళ్ళాలంటే చెరకుతోటల మీదుగా చుట్టు తిరిగే పరిస్థితి వచ్చింది. అయినా మావకి ఒక ధైర్యం ఉండేది. అది పాతరేవు. సముద్రం ఒడ్డున చేపలవేట మీద బతికే ఆ ఊరు మా వైరుకి ఆఖరి కొస. మా వ్యాపారం నిలబడిందంటే ఆ ఊరి మీదే. అక్కడొక కట్టు ఉంది. ఏ పనైనా ఊరంతా కూర్చుని ఒక్కమాట మీద తేల్చుకుంటారు. వల మార్చినా, పడవ కొన్నా, ఆఖరికి టీవీ మార్చినా అంతే. ఒక ఇంటికి కేబులు, పక్కింటికి గొడుగు అనేది అక్కడ కుదరదు. ఉంటే ఊరంతా ఉంటుంది, పోతే ఊరంతా పోతుంది.

ఇంతలో కేబుల్ వాళ్ళందరికీ విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో మీటింగు అన్నారు. "నాను ఎల్లను. ఆ సల్లగాలికి నాకు తుమ్ములొస్తాయి. నివ్వెల్లు, ఇంగ్లీషులో ఏటి సెప్పినా బుర్రూపి వచ్చీ" అని మావ నన్ను పంపాడు. హాల్లో ఒక సూటు వేసుకున్న పెద్దమనిషి వేదికెక్కి, రాబోయేది త్రీడీ టీవీ కాలమన్నాడు. వానపడితే డిష్షు బొమ్మ ఆగిపోతుంది, మీ వైరు మాత్రం రాజమార్గం అన్నాడు. ఇకమీద జనం టీవీ చూడరు, టీవీలోకి నడిచి వెళ్తారు, వాళ్ళని ముందుగా చెయ్యిపట్టుకు తీసుకెళ్ళినవాడిదే వ్యాపారమన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. నా పక్కన కూర్చున్న పార్వతీపురం ఆపరేటరు మాత్రం నా చెవిలో, "బాబూ, మా కాడ కోతులు వైరట్టుకుని ఊగతన్నాయి. దానికేటి సెయ్యాలో ఈయన్ని ఒకమాటు అడుగుదూ" అన్నాడు. నేను అతనికేసి జాలిగా చూశాను. తర్వాత అందరికీ నల్ల కళ్ళజోళ్ళు పంచి, దీపాలార్పి బొమ్మ వేశారు. ఒక పసుపు సీతాకోకచిలక తెరలోంచి బయటికొచ్చి, తిన్నగా నా ముక్కు ముందుకొచ్చి రెక్కలాడించింది. నేను మైమరచి చెయ్యి చాపి పట్టుకున్నాను. పట్టుకున్నది ముందు కుర్చీలో ఉన్న పెద్దాయన బట్టతల. ఆయన కూడా త్రీడీలోనే ఉన్నాడేమో, కసిరిందీ లేదు పాడూ లేదు, దోమని తోలినట్టు తోలి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి నేను చెప్పిన ఉపన్యాసానికి ఆ సూటాయన కూడా చప్పట్లు కొట్టేవాడు. సీతాకోకచిలక దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి రెండు చేతులూ రెక్కల్లా ఆడించాను. అంతా విని మావ తాపీగా, "ఒరే అల్లుడా, మన వైరు మీద మామూలు బొమ్మే తిన్నగా ఎల్లట్నేదు. మళ్ళీ దాన్ని బయటికి గెంటాలంటావేటి?" అన్నాడు. అత్తకి వేరే బెంగ. "ఓలమ్మ! బొమ్మ ఇంట్లోకి వచ్చేస్తాదా? అయితే ఆ వార్తలు సదివే బాబు వచ్చినప్పుడు కుర్సీ ఎయ్యాలి గావాల" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను అలిగి ఆ రాత్రి అన్నం తినలేదు (పెరుగన్నం తిన్నాను, అది లెక్కలోకి రాదు).

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డెక్కాక, పాతరేవు పెద్దాయన ఫోన్ చేశాడు. "వైరూ, ఆదివారం ఊరు కూకుంటాది. గొడుగులోడు వచ్చి ఆడి బొమ్మ సూపిస్తాడంట. నివ్వూ రా. వచ్చి నీ మాటేటో సెప్పుకో. ఎనకమాల నాకు సెప్పనేదని అనీవు." మావ ఫోను పెట్టేసి గుమ్మంలో కూర్చుండిపోయాడు. అత్త కాఫీ తెచ్చి పక్కన పెడితే అది చల్లారి మీగడ కట్టింది. ఆ ఊరు పోతే వైరు చుట్టేసి అటక మీద పెట్టడమే అని మా ముగ్గురికీ తెలుసు. భుజం మీద వైరు లేని మావని తలుచుకుంటే నాకు నిజంగా భయం వేసింది. కాసేపటికి ఆయన తలెత్తి నాకేసి చూసి, "ఒరే, నీ సీతాకోకసిలక సంగతి మళ్ళీ ఒకమాటు సెప్పు" అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ అంటారే, ఆ గడ్డిపోచని నేను.

అసలైన త్రీడీ టీవీ కొనే తాహతు మా తాతలకి కూడా లేదు. అయితే ఎరుపు, నీలం కాగితాల కళ్ళజోడు పెట్టుకుంటే మామూలు టీవీలోనే కనబడే రకం త్రీడీ ఒకటుంది. కోటబొమ్మాళి నెట్ సెంటరులో కూర్చుని, సముద్రం అడుగున చేపలు తిరిగే బొమ్మ ఒకటి డీవీడీలోకి ఎక్కించాను. చేపలవాళ్ళకి చేపలు! నా తెలివికి నాకే ముచ్చటేసింది. పెళ్ళిళ్ళకి లైటింగు పెట్టే ఆయన ఎర్రవీ నీలంవీ జిలేటిన్ కాగితాలిచ్చాడు. అట్టల కోసం ప్రింటింగు ప్రెస్సుకి వెళ్తే, ముహూర్తం మారి పనికిరాకుండా పోయిన శుభలేఖల కట్టలు దొరికాయి. అత్తా, చుట్టుపక్కల ఆడవాళ్ళూ వరండాలో కూర్చుని విస్తళ్ళు కుట్టినంత చురుగ్గా కళ్ళజోళ్ళు తయారుచేసి పడేశారు. ప్రతి జోడుకీ ఒక కంటిమీద శ్రీరస్తు, రెండోకంటిమీద శుభమస్తు. నేను ఒక్కటి మాత్రం చెప్పడం మరిచిపోయాను. ఎరుపు ఏ కంటికో, నీలం ఏ కంటికో. వాళ్ళు ఎవరికి తోచిన కంటికి వాళ్ళు అంటించేశారు.

ఇంకొకటి కూడా ఉంది, అది ఇంతకంటే ఘనకార్యం. డీవీడీ ప్లేయరు పాతరేవు పట్టుకెళ్ళి అక్కడే పెట్టి చూపిస్తే పని అయిపోయేదే. మావకి పౌరుషం అడ్డొచ్చింది. "అక్కడెడితే అది వీడియో షాపు అవుతాది గాని కేబులు ఎలాగవుతాది? మన వైరు మీదే రావాల. వైరు సత్తా సూడాల ఆలు" అన్నాడు. అంత గొప్ప మాటకి నేను కూడా ఛాతీ విరిచి సరే అన్నాను. మేడమీద కంట్రోల్ రూములో అత్త కూర్చుంటుంది, పాతరేవు నుంచి నేను మిస్డ్ కాల్ ఇస్తాను, అత్త లోకల్ ఛానల్లో బొమ్మ మొదలుపెడుతుంది. అదీ ఏర్పాటు. అంత సత్తా ఉన్న వైరు సరుగుడు తోటల్లోంచి, ఉప్పుగాలిలోంచి పోయి పోయి పాతరేవు చేరుతుందనీ, దారి పొడుగునా దాని అతుకులన్నీ చిలుంపట్టి పచ్చబడ్డాయనీ, అందువల్ల ఆ ఊళ్ళో ప్రతి బొమ్మ పక్కనా నీడలాగా ఇంకో బొమ్మ నిలబడుతుందనీ మా ఇద్దరికీ తెలుసు. వాళ్ళు ఎప్పుడు మొరపెట్టుకున్నా మావ "గాలి తగ్గితే సర్దుకుంటాది" అనేవాడు. సముద్రం ఒడ్డున గాలి ఎప్పుడు తగ్గింది గనక!

ఆదివారం మధ్యాహ్నం చేపల వేలంపాట పాడే షెడ్డులో ఊరంతా కూర్చుంది. వెలుతురు రాకుండా చుట్టూ టార్పాలిన్లు కట్టారు. ముందు గొడుగాయన వంతు. పాపం మంచివాడే, నెమ్మదస్తుడు. షెడ్డు మీద గొడుగు బిగించి టీవీ పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది. జనం గుసగుసలాడుకున్నారు. మావ చేతిలో తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు, అది తడిగుడ్డ కాకపోయినా. తర్వాత మా వంతు. నేను కళ్ళజోళ్ళు పంచి, సూటాయన గొంతుతో, "ఇంతవరకూ మీరు టీవీ చూశారు, ఇప్పుడు టీవీలోకి వెళ్తారు" అన్నాను. "ఎల్తే మళ్ళీ వస్తామేటి?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఊరు ఊరంతా నుదుటి మీద శుభలేఖలతో నాకేసి చూస్తూ ఉంటే, పెద్దాయన ముక్కు మీద 'చి. ల. సౌ.' అన్న అక్షరాలు తళతళా మెరుస్తుంటే, నేను అత్తకి మిస్డ్ కాల్ ఇచ్చాను.

బొమ్మ వచ్చింది. నీళ్ళు, రాళ్ళు, వాటి మధ్యనుంచి ఒక చారల చేప. "వస్తంది, వస్తంది, మీదకొస్తంది!" అని ఎడమపక్క ఒకాయన వెనక్కి వాలాడు. "ఎక్కడొస్తందిరా, ఎనక్కి పోతంటేని!" అని కుడిపక్క ఇంకొకాయన. వస్తందంటే పోతందని షెడ్డు రెండు పార్టీలైపోయింది. అత్తా వాళ్ళు కాగితాలు అటూ ఇటూ అంటించిన సంగతి నాకు అప్పుడు బుర్రలో వెలిగింది. ఇంకో మూల వేరే తగువు. అది పార చేప అని ఒకరు, దానికి ఆ చారలెక్కడివని ఒకరు, అసలది మన సముద్రంలోదే కాదని ఒకరు, ఏ సముద్రంలోదైతేనేం ముల్లెక్కువ ఉండేలాగుందని ఒకావిడ. అంతలో బయట గాలి లేచింది. సరుగుడు తోటలో వైరు ఊగినట్టుంది, ఎర్రచేప పక్కన నీలంచేప, వాటి పక్కన వాటి నీడలు, మొత్తం తెరంతా చేపల సంత. కళ్ళు నలుపుకునేవాళ్ళు నలుపుకుంటున్నారు. పెద్దాయన చి.ల.సౌ.ని ముక్కు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, "నాయినా, సేప వల్లోకి రావాల గాని టీవీలోంచి వస్తే మాకేటి నాభం?" అన్నాడు.

ముందు వరసలో ఎండుచేపలమ్మ కూర్చుంది. తలమీద గంపతో మా ఊరి సంతకి ఎండుచేపలు తెచ్చి అమ్మే ముసలావిడ, అందుకని అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడ కళ్ళజోడు తీసి తెర చూసింది, మళ్ళీ పెట్టుకుని చూసింది, మళ్ళీ తీసింది. "ఒరే పిలడా, దీనికా ఇంత తతంగం? మా ఇంటికాడ టీవీలో ఎప్పుడూ ఇలాగే కదేటి, ఒక మనిసికి ఇద్దరు మనుసులు. అయితే ఇన్నాల్నించీ మేం సూత్తన్నది త్రీడీయేనన్నమాట. కళ్ళజోడు కూడా నేకండాని!" అంది. షెడ్డు కప్పు లేచిపోయేంత నవ్వు. గొడుగాయన కూడా మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. నేను పాతాళానికి దారి వెతుక్కుంటున్నాను. అది చాలనట్టు బొమ్మ కింద మా స్క్రోలింగు మొదలైంది. ఆపించడం మరిచిపోయాను. "కింద ఏటో ఎల్తంది, సదవండ్రా" అంటే, "గేదె తప్పిపోయిందంట" అన్నాడొకడు. "ఒకటా, రెండా?" అన్నాడు ఇంకొకడు. ఇక నవ్వు ఆగలేదు. మావ ఒక్కడే నవ్వలేదు. భుజం మీద వైరు చుట్టని తీసి నేలమీద పెట్టాడు. ఆయన దాన్ని అలా దింపగా నేను చూడటం అదే మొదలు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, శుభలేఖ అడ్డంగా ఉండబట్టి ఎవరికీ కనబడలేదు గాని.

నవ్వుతున్నవాళ్ళలో ముందుగా ఆగింది ఎండుచేపలమ్మే. తెర కింద పోతున్న అక్షరాలకేసి అలాగే చూస్తూ, "సాలు, నవ్వింది సాలు" అంది. షెడ్డు సద్దుమణిగింది. "ఆ గాలొచ్చిన యేడు మన పడవలు ఒడ్డుకి రానేదు, గేపకం ఉన్నాదా? మన ఊళ్ళో ఫోన్లు పలకనేదు. కరెంటు వస్తంది, పోతంది. ఊరోలందరం ఈ టీవీ కాడే కూకున్నాం. ఒడిసా ఏపు కొట్టుకుపోయి ఒడ్డెక్కినోల పేర్లు, ఆ దారంట ఉన్న కేబులోలందరికీ ఫోన్లు సేసి కనుక్కుని, ఒకటొకటే ఈ వైరు బొమ్మ కింద ఏసినాడు. నాకు సదువు రాదు. మా మనవరాలు సదివింది. 'మామ్మా, నాన్న పేరు వచ్చింది, రెండు మాట్లు వచ్చింది, పక్కపక్కనే' అంది." ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఒకమాటు వచ్చుంటే నాను నమ్మకపోదును. రెండు మాట్లు వచ్చింది. నమ్మినాను."

 బయట గాలికి టార్పాలిను టపటపా కొట్టుకుంది. ఆవిడ గొడుగాయనకేసి తిరిగి, "బాబూ, నీ బొమ్మ బాగున్నాది, నాను కాదన్ను. మావోడు ఏ ఒడ్డెక్కినాడో నీ గొడుగు సెప్తాదా?" అని అడిగింది. ఆయన నిజాయితీపరుడు. "చెప్పదమ్మా" అన్నాడు, నెమ్మదిగా. పెద్దాయన చుట్టూ ఒకసారి చూశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. "ఊరు వైరుతోటే ఉంటాది" అన్నాడు. మావ తువ్వాలులో మొహం పెట్టుకున్నాడు. పెద్దాయన వదల్లేదు. "ఒరే వైరూ, ఒక మాట. గాలి తగ్గితే సర్దుకుంటాదని మళ్ళీ అన్నావో, నిన్ను పడవెక్కించి ఆ గాల్లోకే పంపిత్తాం. ఆ రెండో మనిసిని తీసీ. మాకు ఒకడు సాలు."

ఆ ఎండాకాలమంతా నేను నిచ్చెన పట్టుకోలేదు, ఎక్కాను. సరుగుడు తోటలో స్తంభం తర్వాత స్తంభం, చిలుంపట్టిన అతుకు కోసి కొత్తది బిగించడం, సైకిలు ట్యూబు ముక్క చుట్టి గట్టిగా కట్టడం. మావ కింద నిచ్చెన పట్టుకుని, "డిగ్రీ సదివినోడివి, శాస్త్రీయంగా బిగించు" అని ఎగతాళి చేస్తుండేవాడు. వీపు కాలి బొబ్బలెక్కింది. పని పూర్తయ్యాక పాతరేవులో బొమ్మ ఒక్కటే వచ్చింది, చక్కగా, నీడ లేకుండా. ఊరంతా మెచ్చుకుంది. ఎండుచేపలమ్మ మాత్రం సంతలో కనబడినప్పుడు, "బాగున్నాది గాని, ఒట్టి బోసిగా ఉన్నాదిరా. ఇన్నాళ్ళూ ఇంటినిండా మనుసులున్నట్టుండేది" అంది. స్క్రోలింగు కొట్టే పని అత్త దగ్గర్నించి నేను తీసుకున్నాను. గేదెల విషయంలో నా అంత శ్రద్ధ గలవాడు మా ఇలాకాలో లేడని పేరు కూడా వచ్చింది.

తర్వాత డిజిటల్ అన్నారు, బాక్సులన్నారు, చాలా మారింది. త్రీడీ టీవీలు చేసే కంపెనీలే వాటిని మానేశాయి. ఆ సూటాయన ఇప్పుడు ఏ హాల్లో ఏ కాలం వస్తుందని చెబుతున్నాడో తెలియదు, పార్వతీపురం ఆపరేటరు కోతుల సంగతీ తెలియదు. నేను అవే స్తంభాల మీద ఇంటర్నెట్ వైరు లాగుతున్నాను. రేపో మాపో వస్తుందన్న ఉద్యోగం ఇంకా దారిలోనే ఉంది, వస్తే మాత్రం వద్దంటాను. మావకి వయసు మీద పడింది. ఈ మధ్య ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒరే అల్లుడా, నివ్వు సెప్పింది నిజమేరా, కాస్త లేటయినాది అంతే. నాకిప్పుడు అన్నీ త్రీడీలోనే కనపడతన్నాయి. మీ అత్తలు ఇద్దరు కాఫీ అట్టుకుని నిలబడ్డారు" అన్నాడు. కంట్లో శుక్లం. శ్రీకాకుళం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాను.

ఇంటికి తెచ్చిన రోజున, డాక్టరు ఇచ్చిన నల్ల కళ్ళజోడు పెట్టుకుని మావ టీవీ ముందు కూర్చున్నాడు. వార్తలేవో వస్తున్నాయి. కట్టు విప్పిన కంట్లోకి వెలుతురు కొత్తగా వెళ్తోందేమో, తెరకేసి చాలాసేపు కదలకుండా చూశాడు. తర్వాత మెల్లిగా చెయ్యి చాపి, తన ముక్కు ముందు గాలిలో రెండు వేళ్ళూ దగ్గరికి చేసి, దేన్నో సుతారంగా పట్టుకున్నట్టు పట్టుకుని నాకేసి చూపించాడు. "ఇదేనేట్రా నీ సీతాకోకసిలక?" అన్నాడు. అత్త వంటింట్లోంచి ఘొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ చల్లటి చీకటి హాల్లో బట్టతల మీద చెయ్యేసి, ప్రపంచం చేతికి చిక్కిందనుకున్న ఆ కుర్రాడు కళ్ళ ముందు నిలబడ్డాడు. "అదే మావా. గట్టిగా అట్టుకో, పారిపోతాది" అన్నాను. మావ వేళ్ళు విప్పలేదు.